సైకిళ్ళకంటే ముందు నడిచిన కాకా

నర్సింహులపేట దాటాక రోడ్డు మీద రాళ్ళు కనిపించాయి. అడుగుకొకటి చొప్పున, తారురోడ్డును సగానికి కొలిచినట్టు వరుసగా ఉన్నాయి. వడ్లు ఆరబోసినవాళ్ళు వడ్లెత్తుకుని పోయారు. వడ్ల మీదికి బండ్లు ఎక్కకుండా అంచున పేర్చిన రాళ్ళను మాత్రం రోడ్డుకే వదిలేశారు. కోతల కాలంలో మా దిక్కు ఇది మామూలే. వడ్లకు సొంతదారులుంటారు, రాళ్ళకు ఉండరు.

వ్యాను ఆపి దిగాను. ఒక్కో రాయినీ కాలితో రోడ్డు కిందికి దొర్లిస్తూ పోయాను. పన్నెండో రాయి దగ్గరో పదమూడో రాయి దగ్గరో మా ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఏందయ్యా, మనం పెండ్లికి పోతున్నమా, రోడ్డు సాఫు చేయ పోతున్నమా?"

"రెండు నిమిషాలు."

"ఆయన పోయినంక గూడ నీకు పని చెప్పుడు బంద్ చెయ్యలే," అంది.

అప్పుడు గమనించాను. నేను ఎడమ పక్క రాళ్ళే తీస్తున్నాను. కుడి పక్కన ఇంకో వరుస ఉంది. అది తిరిగొచ్చేటప్పుడు తీయాలని నా కాళ్ళు ముందే అనుకున్నట్టున్నాయి. అది నా పద్ధతి కాదు. కాకా పద్ధతి.

కాకా మొన్న వానాకాలంలో పోయాడు. ఆయనకొక పేరు ఉంది కానీ మా క్లబ్బులో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, ఇప్పుడు నేను కొత్తగా మొదలుపెట్టలేను.

క్లబ్బంటే పెద్దగా ఊహించుకోవద్దు. జనగామలో పొట్ట తగ్గించుకుందామని పొద్దున్నే సైకిళ్ళెక్కిన పదిమందిమి. ఇద్దరు టీచర్లు, ఒక మందుల దుకాణం ఆయన, వ్యాయామం చెప్పి రిటైరైన ప్రెసిడెంటు సారు, బియ్యం దుకాణం నేను. పొట్టలు తగ్గలేదు గానీ సైకిళ్ళ బరువు తగ్గింది, ఎందుకంటే ఏటా మంచివి కొన్నాం. మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో కూడా ఇటువంటి పొట్టలే ఉన్నాయని తెలిసి మూడు క్లబ్బులం కలిశాం. పిల్లలు కూడా చేరారు. అప్పటినుంచి చలికాలంలో రేసులు పెడుతున్నాం.

రేసు ఏర్పాట్లు నాకు అప్పజెప్పారు. ఎందుకో అందరికీ తెలుసు. నేను బజారులో పుట్టినవాణ్ణి. మా ఇళ్ళలో పిల్లలకు మాటలు రావడమే 'ఎంతకిస్తవ్' అనే మాటతో మొదలవుతుంది. దేవుడి దగ్గర కూడా నేను నూటొక్క ప్రదక్షిణలు మొక్కి, పని అయ్యాక పదకొండుకు ఒప్పించుకున్నవాణ్ణి. టెంటు వాళ్ళయినా, ఉప్మా వండేవాళ్ళయినా, పోలీసు స్టేషన్‌లో పర్మిషన్ కాగితమయినా నేను పోతే పని అవుతుందని నమ్మకం. వాళ్ళకూ, వాళ్ళకంటే ఎక్కువ నాకూ.

కాకాను మొదట చూసింది నర్సింహులపేట రోడ్డు మీదే, మా మొదటి రేసు ముందు రోజు మధ్యాహ్నం. మేం బ్యానరు కడుతుంటే ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, పిక్కల దాకా మడిచిన ఖాకీ ప్యాంటు, చేతిలో పొడుగు కర్రకు బిగించిన చిన్న సుత్తె. గార్ల దిక్కు తండా ఆయనది. నర్సింహులపేటలో కూతురింటికి వచ్చి ఉన్నాడట.

"రేపు గీ రోడ్డు మీద ఉరికేది ఎన్ని గంటలకు?" అని అడిగాడు. రైలు టైము అడిగినట్టే అడిగాడు.

"పొద్దుగాల ఏడింటికి కాకా."

"ముందుగాల ఎవరు నడిచిండ్రు?"

మాకు అర్థం కాలేదు. "నడుసుడేంది కాకా? సైకిళ్ళు గద!"

"రైలు గూడ నడువది," అన్నాడు. "అయినా దానికంటే ముందుగాల మేం నడిచినం."

ఆయన రైల్వేలో కీమ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. రోజూ పొద్దున్నే తన వంతు పట్టాల మీద నడిచిపోవాలి. పట్టాను దిమ్మకు పట్టి ఉంచే తాళం వదులైందేమో చూడాలి, సుత్తెతో కొట్టి బిగించాలి. పోయేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా. ఉద్యోగమంతా ఆ నడకే. ఆ మధ్యాహ్నం మేం నవ్వుకుంటుండగానే ఆయన ఎడమ అంచు పట్టుకుని నడిచిపోయాడు. చీకటి పడకముందే కుడి అంచున తిరిగొచ్చాడు. రానూపోనూ పద్నాలుగు కిలోమీటర్లు. వచ్చి చెప్పాడు: రెండు గుంతలు, ఒక కల్వర్టు గోడ వదులు, చింతచెట్ల కాడ తండా కుక్కలు నాలుగు, వాటిలో ఒకటి చక్రాలంటే పడనిది.

"ఏ కుక్కో ఎట్ల తెలిసింది కాకా?"

"ఇండ్లల్ల అడిగిన. కట్టేస్తమన్నరు."

మేం మూడు వారాలు బ్యానరు రంగు గురించి మాట్లాడుకున్నాం. కుక్క గురించి ఎవరమూ మాట్లాడుకోలేదు.

ఆ రోజునుంచి ఆయన లేకుండా రేసు జరగలేదు. బస్సుకు రావడం, ముందు రోజు నడవడం, గుంత చుట్టూ సున్నంతో గీయడం, తెల్లారి మళ్ళీ నడవడం. కల్వర్టు గోడ కనిపిస్తే సుత్తెతో కొట్టి చెవి పెట్టేవాడు. రేసుకు నిలబడ్డవాళ్ళ దగ్గరికి పోయి, అడగకుండానే వెనక చక్రం ఎత్తి తిప్పి బ్రేకు పట్టేవాడు. మా దుకాణానికి వచ్చినా ఊరుకోడు. కూర్చోకముందే షట్టరు బోల్టులు వేలితో నొక్కి చూస్తాడు. ఒకసారి నేను మాట్లాడుతుండగానే నా కళ్ళజోడు తీసుకుని దాని మర గోటితో బిగించి మళ్ళీ నా ముక్కు మీద పెట్టాడు.

ఇన్ని సైకిళ్ళను కాచిన మనిషికి సైకిలు తొక్కడం రాదు. మా పెద్దబిడ్డ ఒకసారి దుకాణం ముందు నేర్పబోయింది. సీటు మీద కూర్చుని, ఒక కాలు ఎత్తి, మళ్ళీ కింద పెట్టి దిగిపోయాడు. "వద్దు బిడ్డా. నా కాళ్ళు భూమ్మీదుంటెనే నాకు తెలివి," అన్నాడు.

ఆయన దగ్గర రెండు జెండాలుండేవి. రైల్వే జెండాలు రిటైరైన రోజే అప్పజెప్పాడట. ఇవి ఇంట్లో కుట్టినవి. ఆకుపచ్చది ఎవరిదో పాత చొక్కా. ఎర్రది ఆయన భార్య, మేం అవ్వ అనే ఆమె, పాత లంగాలోంచి చించిన గుడ్డ. దాని మూలన ఒక అద్దం బిళ్ళ అలాగే ఉండిపోయింది. తీసేయడం మర్చిపోయిందా అని అడిగితే, "మర్చిపోలె, కావాల్నని ఉంచింది. ఎండకు దూరంకెళ్ళి మెరుస్తది," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ముఖంలో కొంచెం గర్వం.

నాకు ఆయనతో వచ్చిన మొదటి పేచీ ఆయన మాటతోనే. నడిచి వచ్చాక, "రోడ్డెట్లున్నది కాకా?" అంటే, "నేను చూసినప్పుడైతే మంచిగుండె," అనేవాడు. ఎప్పుడూ అదే మాట. మంచిగుంది అని ఆయన నోట ఒక్కసారి వినలేదు.

"గదేంది? ఇప్పుడెట్లున్నదో చెప్పు."

"ఇప్పుడు నేను గీడున్న. గాడిది ఎట్ల చెప్త?"

నేను రోజూ తెరవని బస్తా మీద చెయ్యి వేసి 'ఏక్‌నంబర్ మాల్' అని ఒట్టు పెట్టేవాణ్ణి. తన కళ్ళతో చూసివచ్చినదానికి కూడా గ్యారంటీ ఇవ్వని మనిషి నాకు మింగుడు పడలేదు. చూసొచ్చాక కూడా రోడ్డు మారుతుందనే, ఆ మాట అనగానే మంచినీళ్ళు తాగి మళ్ళీ రోడ్డెక్కేవాడని గ్రహించడానికి నాకు రెండు రేసులు పట్టింది.

కోతల కాలం రేసులకు అసలు చిక్కు వడ్లు. రైతులకు తారురోడ్డును మించిన కళ్ళం లేదు. సగం రోడ్డు పొడుగునా పోస్తారు, అంచున రాళ్ళు పెడతారు. నాకు తోచింది ఒకటే: ఎత్తించాలి. కాకా ఎత్తించమని అడగడు. ఆయన చేసేది చూస్తే నాకు చిరాకు పుట్టేది. చెప్పులు విడిచి వడ్లలోకి దిగుతాడు. కాళ్ళు ఈడ్చుకుంటూ, నాగలి సాళ్ళలాగా వడ్లు తిరగేసుకుంటూ ఆ కొసనుంచి ఈ కొసకు నడుస్తాడు. వడ్లు అడుగునుంచి ఆరాలంటే గంటకోసారి అలా తిప్పాలి. ఎండలో ఆడవాళ్ళు చేసే పని అది.

"ఓ కాకా, ఎవల వడ్లు తిప్పుతున్నవ్?" అని ఒక అక్క చెట్టుకిందనుంచి అరిచింది.

"నీయే. ఊకె కూసున్నవని తిప్పుతున్న."

"కూలి ఇయ్య మల్ల!"

"ఇయ్యకు. గీ రాళ్ళు తీసి సంచులు పెట్టుకో, చాలు. రేపు పిల్లలు సైకిళ్ళు ఉరికిస్తరు. రాయి తలిగితె పిల్లగాని మూతి పలుగుతది, నీ వడ్లల్ల రక్తమైతది."

"సంచులు ఏడికెళ్ళి తేవాలె?"

"గీ సావుకారి ఇస్తడు," అని నన్ను చూపించాడు.

అలా రాళ్ళ బదులు ఊక నింపిన గోనె సంచులు వచ్చాయి. సంచులు నా దుకాణంవి. మొదటిసారి నేను ఎలుకలు కొట్టినవి ఏరి పంపాను. కాకా ఒక్కో సంచినీ ఎండకెత్తి చూసి, చిల్లులున్నవన్నీ చక్కగా మడిచి నా చేతికే తిరిగిచ్చాడు. "గివి నువ్వు ఉంచుకో సావుకారి, నీకు పనికొస్తయి." నా జన్మలో నా సరుకు అంత మర్యాదగా ఎవరూ తిప్పికొట్టలేదు.

వడ్లు సగం రోడ్డులో, సైకిళ్ళు సగం రోడ్డులో. ఆ జాగాలో మాత్రం రేసు లేదు, ఒకరి వెనక ఒకరు పోవాలి. అదీ ఆయన ఏర్పాటు. ముందుకు దూకాలనుకునే పిల్లలకు నచ్చేది కాదు. నాకు అసలే నచ్చేది కాదు.

టేకుమట్ల రోడ్డు రేసు దగ్గరే నా తెలివి బయటపడింది. మూడు క్లబ్బుల పెద్ద రేసు అది. గెస్టును పిలిచాం. మా పెద్దబిడ్డకు అది మొదటి పెద్ద రేసు, డిగ్రీ చదువుతోంది. నేను కాకాతో అన్నాను, "వడ్ల సంగతి ఈసారి నాకిడిసిపెట్టు. నువ్వు తెల్లారి రా, చాలు." వారం ముందునుంచే రైతుల ఇళ్ళకు పోయాను. బతిమాలాను, బెదిరించాను, అన్నలూ అక్కలూ అని వరసలు కలిపాను. రేసు రోజు తెల్లవారేసరికి రోడ్డు మీద ఒక్క కుప్ప లేదు. నల్లటి రోడ్డు, కొసదాకా. ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. అందరూ చప్పట్ల బొమ్మలు పంపారు.

కాకా నడిచి వచ్చాడు. పచ్చ జెండా చంకలో ఉంది. ఎర్రది చేతిలో విప్పి ఉంది.

"కల్వర్టు మలుపు కాడ అయ్యేటట్టు లేదు," అన్నాడు.

పోయి చూశాను. నాకేమీ కనిపించలేదు. ఆయన వంగి అరచేతితో రోడ్డును తుడిచి చూపించాడు. వడ్ల గింజలు, పొల్లు, నూగు. తొందరలో ఎత్తినవాళ్ళు మిగిలినదంతా తర్వాత ఏరుకుందామని మలుపు లోపలి అంచుకు ఊడ్చి పెట్టారు. సైకిలు వాలి తిరిగేది సరిగ్గా అక్కడే. దాని మీద మంచు పడింది.

"వడ్లున్నప్పుడు అందరికి కనిపిస్తయి. ఎత్తినంక మిగిలింది ఎవలకు కనిపించది," అన్నాడు.

నేను బేరానికి దిగాను. నాకు వేరే విద్య లేదు.

"చీపురుతోని ఊడిపిస్త. పది నిమిషాలు."

"పొడియి పోతయి. మంచుకు అంటుకున్నయి పోవు. ఎండ తగలాలె."

"ఎంతసేపు?"

"రెండు గంటలు."

"గెస్టు పోతడు కాకా. గంట చెయ్యి."

"ఎండను నేనేడ తొందర పెడ్త?"

"పోనీ ఐదు రౌండ్లు మూడు చేస్త."

"మూడుసార్లు పడ్తరు."

"మెల్లగ పొమ్మని చెప్త."

"రేసు పెట్టి మెల్లగ పొమ్మంటవా?" అని నా ముఖంలోకి చూశాడు. తర్వాత అడిగాడు, "గీ మలుపు కాడికి ఫస్టు ఎవరొస్తరు?"

"ఇంకెవరు? మా బిడ్డనే!" అన్నాను. ఛాతీ ఉబ్బించుకుని అన్నాను. దుకాణంలో మంచి సరుకు గురించి చెప్పినట్టు.

ఆయన రోడ్డు మధ్యకు పోయి నిలబడ్డాడు.

అవతల డెబ్బైమంది చలికి చేతులు రుద్దుకుంటూ నిలబడ్డారు. గెస్టు గడియారం చూసుకుంటున్నాడు. ప్రెసిడెంటు సారు నాకు ఫోను మీద ఫోను.

"కాకా, ఇది రైలు గాదు. నువ్వు రిటైరై ఎన్నేండ్లాయె! ఈ జెండా నీకు ఎవరిచ్చిండ్రు?"

"మా ఇంటామె కుట్టిచ్చింది," అన్నాడు.

వెక్కిరింత లేదు. అడిగినదానికి ఉన్న జవాబు చెప్పాడు. దాంతో నాకు ఇంకా మండింది. "నేనే పోయి చూపిస్త, సూడు," అని సైకిలెక్కి మలుపు మీదినుంచి వదిలాను.

చూపించాను. ముందు చక్రం నా కిందినుంచి ఎవరో గుంజుకున్నట్టు పక్కకు పోయింది. కల్వర్టు గోడ నా దిక్కు రావడం గుర్తుంది. తర్వాత ఆకాశం గుర్తుంది.

పడి ఉన్నచోటనుంచి కాకా కనిపిస్తున్నాడు. నా దగ్గరికి రాలేదు. ముందు వెనక్కి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే. మలుపుకు బాగా ఎగువన రోడ్డు మీద రాళ్ళు కుప్ప పెట్టి, అందులో సుత్తె కర్ర నిలబెట్టి ఎర్రజెండా కట్టాడు. అది గట్టిగా నిలిచిందో లేదో ఊపి చూసుకున్నాడు. ఆ తర్వాతే నా దగ్గరికి వచ్చాడు.

"నేను సస్తుంటె జెండా కడ్తవా కాకా?"

"వెనుకొచ్చేటోళ్ళను ముందుగాల ఆపాలె. పడ్డోడు ఏడికి పోతడు?" అంటూ నా భుజం తడిమి చూశాడు. "బొక్క ఇరిగినట్టుంది. దవాఖానల మాత్రం బేరం చేయకు సావుకారి. ఎన్ని రోజులంటె అన్ని రోజులు కట్టు ఉంచుకో."

మా బిడ్డ వచ్చింది. ఏడవలేదు. నా పక్కన కూర్చుని నా మోచేతిలో గుచ్చుకున్న వడ్లగింజలు ఒక్కొక్కటే తీసింది. తీస్తూ తీస్తూ రోడ్డును చూసింది, కల్వర్టు గోడను చూసింది.

"డాడీ, నేను అందరికంటే ముందు పోదామనుకున్నది ఈ మలుపులనే," అంది.

'ఇంకెవరు, మా బిడ్డనే' అని నేనన్న మాట అప్పుడు నాకు వినిపించింది. అనేటప్పుడు వినబడలేదు.

గెస్టు పోయాడు. ఎండ వచ్చింది, రోడ్డు ఆరింది, ఊడ్చారు. రేసు రెండు గంటలు ఆలస్యంగా జరిగింది. మా బిడ్డ మూడోది వచ్చిందని నాకు దవాఖానలో కట్టు కడుతుంటే చెప్పారు.

ఆ చలికాలమంతా నేను సైకిలెక్కలేదు. చెయ్యి మెడకు వేలాడేసుకుని కాకా వెనక నడిచాను. క్షమించమని అడగడం నాకు రాదు. మా బజారులో ఆ సరుకు దొరకదు. నడవడం ఒకటే మిగిలింది. ఆయన కూడా ఆ సంగతి ఎత్తలేదు. భూపాలపల్లి దిక్కు ఇసుక లారీలు తిరిగే రోడ్డు మీద, చెప్పు మడమతో ఎలా రుద్దితే ఇసుక పొర తెలుస్తుందో చూపించాడు. బర్లు రోడ్డు దాటే చోటు పేడను బట్టి కనుక్కోవాలన్నాడు. మధ్యలో ఆగి జొన్నరొట్టెలో సగం విరిచి పెట్టాడు.

"కాకా, ఇన్నేండ్లు నడిచినవ్ గదా పట్టాల మీద. ఎన్నిసార్లు రైలు ఆపినవ్?"

రొట్టె ఇంకో ముక్క విరిచి నా చేతిలో పెట్టాడు.

"ఒక్కపారి."

"ఒక్కసారేనా? గట్లయితె మిగిలిన రోజులన్ని ఊకెనే నడిచినట్టేనా?"

"మిగిలిన రోజులు రైలు పోయింది గద," అన్నాడు.

వానాకాలంలో కబురొచ్చింది. తండాకు పోయాం. వాకిట్లో ఆడవాళ్ళు వాళ్ళ భాషలో ఏడుస్తున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అర్థం కానిదీ ఏమీ లేదు. చొక్కా ఇస్త్రీ చేసి కొయ్యకు తగిలించే ఉంది. అవ్వ లోపలికి పోయి కర్రకు చుట్టిన రెండు జెండాలూ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఆయన ఇయ్యమన్నడని గాదు. ఆయన ఏం చెప్పిపోలె. నేనే ఇస్తున్న," అంది. "అద్దం ఊడగొట్టకు నాయినా. కుట్టాలంటె నాకు ఇప్పుడు కండ్లు కనిపిస్తలెవ్వు."

నేను రాళ్ళు తీసిన ఆ రోజు తర్వాత వారానికే టేకుమట్ల రోడ్డు మీద ఈ ఏడాది రేసు. కాకా లేని మొదటి రేసు. ఎవరు నడవాలని క్లబ్బులో మాట రాలేదు. ముందు రోజు నడిచాను. తెల్లారి మళ్ళీ నడిచాను, ఎడమ అంచున పోయి కుడి అంచున వచ్చాను. వడ్లు సగం రోడ్డులో ఉన్నాయి, అంచున ఊక సంచులు, చిల్లుల్లేనివి. కల్వర్టు మలుపు నల్లగా, పొడిగా, అద్దంలా ఉంది. మలుపు దాటి కొంతదూరం వచ్చాక ఫోను మోగింది. ప్రెసిడెంటు సారు.

"అందరు రెడీగున్నరు. విజిలేస్తున్న. రోడ్డు మంచిగుంది గద?"

ఏక్‌నంబర్ అని నోటి చివరిదాకా వచ్చింది.

"నేను చూసినప్పుడైతే మంచిగుండె సార్," అన్నాను. "ఒక్క నిమిషం ఆగుండ్రి."

వెనక్కి నడిచాను. మలుపు దగ్గరికి పోయేసరికి ఒక ట్రాక్టరు పొలంలోంచి రోడ్డెక్కి అవతలికి పోతోంది. యాసంగి నాట్లకు పొలం దున్నుతున్నారు. ఇనుప చక్రాలు విదిలించిన బురద గడ్డలు కల్వర్టు నిండా, తడిగా, లోపలి అంచునిండా ఉన్నాయి. నేను పోయివచ్చి పది నిమిషాలు కాలేదు.

ఎర్రజెండా విప్పి రోడ్డు మధ్య నిలబడ్డాను. అద్దం బిళ్ళ మీద పొద్దు పడింది. దూరాన వరుసలో నిలబడ్డవాళ్ళలో ఒక సైకిలు మీదినుంచి ఒకరు దిగి, చెయ్యి పైకెత్తి మిగిలినవాళ్ళను ఆపడం కనిపించింది. ఆ చెయ్యెత్తిన తీరును బట్టి మా బిడ్డేనని పోల్చుకున్నాను.

ప్రెసిడెంటు సారు బండి మీద వచ్చాడు.

"ఎంతసేపు?"

"మట్టి తీయాలె, కడుగాలె, ఆరాలె."

"అరగంట?"

"మట్టి తీయాలె, కడుగాలె, ఆరాలె."

"నలభై నిమిషాలు చెయ్యి. అందరు తిడుతున్నరు. నువ్వు గూడ గిట్లంటె ఎట్లనయ్యా? జర తగ్గు!"

జర తగ్గు. ఆ మాట నేను ఎంతమందితో అన్నానో లెక్కలేదు. అవతల నిలబడి వినడం ఇదే మొదలు. చెప్పకూడదు గానీ, సరే అనేద్దామనిపించింది. జెండా కర్రను పట్టుకున్నట్టు కాకుండా దానికి ఆనుకున్నట్టు నిలబడ్డాను. నేను అన్ని మాటలన్న పొద్దు కాకాకు కూడా అలాగే అనిపించిందేమో. నేను ఆయన ముఖమే చూశాను. అందులో అదేమీ కనిపించలేదు.

"తగ్గది సార్," అన్నాను.

పార వచ్చింది, ట్యాంకరు నీళ్ళు వచ్చాయి, ఎండ దాని టైముకు అది వచ్చింది. రేసు జరిగింది. ఐదు రౌండ్లూ మలుపు దగ్గర పచ్చజెండా పట్టుకుని నిలబడ్డాను. మా బిడ్డ నాలుగోది వచ్చింది. పోయినేడాది మూడో స్థానంనుంచి నాలుగుకు దిగినందుకు నాతో ఒక పూట మాట్లాడదనుకున్నాను.

అందరూ ఉప్మా ప్లేట్ల చుట్టూ చేరారు. కాకా రేసు అయ్యాక కూడా ఒకసారి నడిచేవాడు. మనం కట్టిన తాళ్ళూ వదిలిన సీసాలూ వెనక వచ్చే బండి వాళ్ళకు అడ్డం కాకూడదని. నేను ఎడమ అంచున పోయి, తాళ్ళు చుట్టుకుని, కొసనుంచి కుడి అంచున తిరిగొస్తున్నాను. ఎదురుగా మా బిడ్డ వచ్చింది, సైకిలు నడిపించుకుంటూ. నా పక్కన తిరిగి నడక కలిపింది.

"ఎక్కి పో బిడ్డా, ఉప్మా సల్లారుతది."

"ఊహూ," అని, వంగి రోడ్డు మీది చిన్న రాయి తీసి పక్కకు వేసింది. "నడుస్త."